ఎనిమిది చుక్కల గడిలో రెండే రంగులు

ఎర్ర చొక్కా బొమ్మ ఒకటి పచ్చని చెట్టు ముందు నుంచి నడిచి వెళ్తుంది. అది దాటుతున్నంతసేపూ చెట్టులో చదరపు ముక్క ఒకటి ఎర్రబడి, మళ్లీ పచ్చబడుతుంది. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటర్‌లో ఆటలాడినవాళ్లందరికీ తెలిసిన వింత ఇది. తప్పు ప్రోగ్రాం రాసినవాడిది కాదు. ఆ తెర మీద అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192 చుక్కలు. ఏ చుక్కనైనా వెలిగించొచ్చు, ఆర్పొచ్చు. రంగు మాత్రం చుక్కకు ఉండదు, ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడికి ఉంటుంది. గడికి ఒక్క బైటు. అందులో మూడు బిట్లు గీత రంగుకు, మూడు నేల రంగుకు, ఒకటి కాంతికి, ఒకటి మిణుకుకు పోతాయి. మూడో రంగుకు చోటు లేదు.

ఇది పిసినారితనమే, కానీ తెలివైన పిసినారితనం. చుక్కలకు 6,144 బైట్లు, రంగులకు 768. మొత్తం 6,912 బైట్లతో తెర పని అయిపోతుంది. అదే చుక్కకో రంగు ఇవ్వాలంటే 24,576 బైట్లు కావాలి. 1982 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలోని సింక్లెయిర్ రీసెర్చ్ ఈ యంత్రాన్ని బయటికి తెచ్చినప్పుడు చవక మోడల్‌లో ఉన్న మెమరీ మొత్తం 16 కిలోబైట్లు, ధర 125 పౌండ్లు. 48 కిలోబైట్లది 175 పౌండ్లు. రిచర్డ్ ఆల్ట్‌వాసర్ సర్క్యూట్ గీశాడు, స్టీవ్ వికర్స్ బేసిక్ భాష రాశాడు, రబ్బరు మీటల నల్ల పెట్టెకు రూపం ఇచ్చింది రిక్ డికిన్సన్. స్కాట్లండ్‌లోని డండీలో టైమెక్స్ ఫ్యాక్టరీ తయారు చేసింది. 1986లో ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని కొనేసింది, 1992లో తయారీ ఆగిపోయింది. అప్పటికి అన్ని మోడళ్లూ కలిపి అమ్ముడైనవి సుమారు అరకోటి.

అక్కడితో ఈ కథ ముగిసిపోవాలి. ముగియలేదు. ఇవాళ్టికీ దానికి కొత్త ఆటలు వస్తున్నాయి, రాసేవాళ్లలో ఆ యంత్రం తయారీ ఆగిపోయాక పుట్టినవాళ్లూ ఉన్నారు.

ఆ రంగుల చిక్కునే తీసుకుందాం. పాత రోజుల్లో దాన్ని ఎక్కువగా తప్పించుకుని తిరిగేవాళ్లు. 1984లో వచ్చిన నైట్ లోర్ ఆటలో గదికి ఒక్కటే రంగు, వెనకంతా నలుపు. ఢీకొనడానికి రెండో రంగే లేదు. 1986లో ద ట్రాప్ డోర్ రాసిన డాన్ ప్రీస్ట్‌లీ వేరే దారి పట్టాడు. బొమ్మలను పెద్దవి చేసి, వాటి అంచులు గడుల అంచులతో సరిపోయేలా గీశాడు. కార్టూన్ సినిమాలా రంగులు విరిశాయి. కందంలో బేసి స్థానంలో జగణం పడకుండా రాయడం అలవాటైనవాడికి ఆ నియమం అడ్డుగోడలా అనిపించదు, పాదం నడక దానివల్లే వస్తుంది. ప్రీస్ట్‌లీ బొమ్మల పొట్టి లావు అందం కూడా ఆ గడి నుంచే వచ్చింది.

ఈ తరం ఔత్సాహికులు చేసింది మరొకటి. గడి రంగును తెర మీదికి పంపేది యూఎల్‌ఏ అనే చిప్పు. అది గడికి సంబంధించిన రంగు బైటును ఒక్కసారి చదివి ఊరుకోదు, గడిలో ఉన్న ఎనిమిది గీతలకూ ఎనిమిది సార్లు చదువుతుంది. మూడో గీత మొదలయ్యేలోపు ప్రాసెసర్ వెళ్లి ఆ బైటును మార్చేస్తే? కింది గీతలు కొత్త రంగులో పడతాయి. రెండేసి గీతలకోసారి మారుస్తూ పోతే ఎనిమిదికి ఎనిమిది గడి కాస్తా ఎనిమిదికి రెండు అవుతుంది. ఈ సంగతి ఎనభైల్లోనే కొందరికి తెలుసు. దాన్ని ఎవరైనా తమ ఆటలో పెట్టుకోగల ఇంజన్లుగా మలిచింది మాత్రం ఈ తరం. బ్రెజిల్‌కు చెందిన ఐనార్ సౌకాస్ రాసిన బైఫ్రాస్ట్, నిర్వాణ అలాంటివే.

అయితే అది ఊరికే రాదు. లోపలున్న జెడ్80ఏ ప్రాసెసర్ సెకనుకు 35 లక్షల టిక్కులు కొడుతుంది. టీవీ తెర సెకనుకు 50 సార్లు మారుతుంది. అంటే 48 కిలోబైట్ల యంత్రంలో ఒక్కో తెరకు దక్కేది 69,888 టిక్కులు: 312 గీతలు, గీతకు 224. ఈ పని చేసేవాళ్లకు ఆ సంఖ్యలు నోటికి వచ్చు. బొమ్మ పడే 192 గీతల కాలమంతా ప్రాసెసర్ రంగుల వెంట పరిగెత్తుతూ ఉంటే ఆట నడపడానికి మిగిలేది 26,880 టిక్కులు. శత్రువులు కదలడం, గోడలు తగలడం, మీటలు చదవడం, శబ్దం, అన్నీ అందులోనే. రంగు కావాలంటే శత్రువులను తగ్గించుకోవాలి. ఆట ఎలా ఉండాలన్నది ఈ లెక్క దగ్గరే తేలిపోతుంది.

ఈ టిక్కుల పొదుపే ఈ విద్యలో అసలు రుచి అని నాకనిపిస్తుంది. ఒక ఉదాహరణ చాలు. తెర మొత్తం తుడిచి కొత్త బొమ్మ వేయాలి. మెమరీలో ఒకచోటి నుంచి మరోచోటికి నకలు చేయడానికి జెడ్80లో ఎల్‌డీఐఆర్ అనే ఆదేశం ఉంది. బైటుకు 21 టిక్కులు. 6,144 బైట్లకు దాదాపు 1,29,000 టిక్కులు అవుతాయి, అంటే రెండు తెరల కాలం దగ్గరదగ్గర. కదలిక కుంటుతుంది. అదే ప్రాసెసర్‌లో పుష్ అనే ఇంకో ఆదేశం ఉంది. సబ్‌రూటీన్ నుంచి తిరిగి రావాల్సిన చిరునామాలు ఉండే స్టాక్‌లోనే తాత్కాలిక విలువలను కూడా దాచుకోవడం దాని పని. రెండు బైట్లకు 11 టిక్కులే. అందుకని స్టాక్ చిరునామాను తీసుకెళ్లి తెర చివరన పెడతారు. ప్రాసెసర్ తన విలువలు దాచుకుంటున్నాననుకుంటూ తెర నింపుకుంటూ పోతుంది. రాత ఖర్చు 33,792 టిక్కులకు దిగుతుంది, సగం తెర కాలం కూడా కాదు. మధ్యలో, చేస్తున్న పని ఆపి వేరే పని చూడమనే ఇంటరప్ట్ వచ్చిందా, తిరుగు చిరునామా వెళ్లి బొమ్మ మీద చెత్తలా పడుతుంది. కాబట్టి ముందే ఇంటరప్ట్‌ను ఆపాలి, పని కాగానే స్టాక్‌ను తెచ్చి పాత చోట పెట్టాలి. మరిచిపోతే యంత్రం కుప్పకూలుతుంది.

ఇంకో తిరకాసు. తెర బొమ్మ ఉండే కింది 16 కిలోబైట్లను యూఎల్‌ఏ, ప్రాసెసర్ పంచుకుంటాయి. యూఎల్‌ఏ తెర గీస్తుండగా ప్రాసెసర్ అటు చెయ్యి పెడితే కాసేపు ఆగాల్సిందే. అందుకే వేగం కావాల్సిన కోడ్‌ను అనుభవమున్నవాళ్లు 32768 చిరునామా పైనే ఉంచుతారు. తెర గీతల వరస కూడా మొదట చూసినవాడికి పిచ్చెక్కిస్తుంది. ఒక చుక్క కింది చుక్క పక్క బైటులో ఉండదు, 256 బైట్ల అవతల ఉంటుంది. కాస్త అలవాటయ్యాక తెలుస్తుంది, గడి లోపల కిందికి దిగడానికి చిరునామాలోని పై సగానికి ఒకటి కలిపితే చాలని. నాలుగు టిక్కుల పని. వరసగా అమర్చి ఉంటే ఇంత చవగ్గా దిగలేం.

శబ్దం సంగతి క్లుప్తంగా. మొదటి స్పెక్ట్రమ్‌లో సంగీతపు చిప్పు లేదు. ఒక్క బిట్ ఉంది, దాన్ని పైకీ కిందికీ ఆడిస్తే బీపర్ అనే స్పీకర్ టిక్కుమంటుంది. ఎన్నిసార్లు, ఎంత తేడాతో అన్నది ప్రాసెసరే లెక్కబెట్టాలి. ఆ ఒక్క బిట్‌తో టిమ్ ఫాలిన్ 1987లో క్రోనోస్ ఆటకు ఒకేసారి పలు స్వరాలు పలికించాడు. ఇప్పుడు రష్యాలోనూ ఇతర చోట్లా ఔత్సాహికులు రాసిన బీపర్ ఇంజన్లు అంతకు మించి పోయాయి. కాకపోతే పాట మోగుతున్నప్పుడు ప్రాసెసర్ మరో పని ముట్టుకోలేదు. అందుకే గొప్ప బీపర్ పాటలు సాధారణంగా మొదటి తెర దగ్గరే వినిపిస్తాయి.

ఇవన్నీ ఇప్పుడెవరూ రబ్బరు మీటల మీద కూర్చుని కొట్టరు. ఎస్‌జాస్మ్‌ప్లస్ లాంటి అసెంబ్లర్‌తో మామూలు ల్యాప్‌టాప్ మీద రాస్తారు, సీ భాష కావాలంటే జెడ్88డీకే ఉంది, ఫ్యూజ్ లాంటి ఎమ్యులేటర్‌లో నడిపి చూసుకుంటారు. చివరికి అసలు యంత్రం మీద పరీక్షిస్తారు, ఎందుకంటే టిక్కుల తేడాలు అక్కడే బయటపడతాయి. బొమ్మలను, గదుల పటాలను నలిపి చిన్నవి చేయడానికి సౌకాస్‌దే జెడ్‌ఎక్స్0 ఉంది. దాన్ని తిరిగి విప్పే కోడ్ డెబ్బై బైట్లకు లోపే. అసెంబ్లీ రాని వాళ్లకు జొనాథన్ కాల్డ్‌వెల్ చేసిన ఆర్కేడ్ గేమ్ డిజైనర్, స్పెయిన్‌లో మోహోన్ ట్విన్స్ బృందం చేసిన చుర్రేరా దారి చూపాయి. దారి సులువయ్యేసరికి ఒకే పోలికతో గెంతే ఆటలు గుట్టలుగా వచ్చాయి. వాటిలో చాలావాటిని ఒకసారి ఆడితే చాలు. వాటితో మొదలుపెట్టి తర్వాత సొంత ఇంజన్ రాసుకున్నవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి నేను పెద్దగా ఫిర్యాదు చేయను.

బ్రిటన్ తర్వాత ఈ విద్య బాగా పండింది పాత సోవియట్ నేల మీద. అక్కడ అసలు స్పెక్ట్రమ్ దొరకదు. దొరికిన చిప్పులతో ఇంజనీర్లు నకళ్లు కట్టారు: లెనిన్‌గ్రాడ్, పెంటగాన్, స్కార్పియన్. పెంటగాన్‌లో మెమరీ దగ్గర ఆగాల్సిన పనే లేదు, డిస్కు ఉంది. పశ్చిమంలో యంత్రం అటకెక్కిన తొంభైల్లో అక్కడ యంత్రం సత్తా చూపించే డెమోలు, డిస్కు పత్రికలు వెల్లువెత్తాయి. ఆ ధారలోంచే 2015లో కాజిల్‌వేనియా: స్పెక్ట్రల్ ఇంటర్‌ల్యూడ్, 2018లో డెనిస్ గ్రాచెవ్ ఓల్డ్ టవర్ వచ్చాయి. గ్రాచెవ్ ఆటల్లో పనికిరాని చుక్క ఒక్కటి కనిపించదు. ఆట రూల్ ఒక వాక్యంలో చెప్పొచ్చు, చెయ్యి తిరగాలంటే గంటలు పడుతుంది. ఇలా యంత్రం నుంచి అసాధ్యాన్ని పిండే డెమోసీన్‌ను ఫిన్లాండ్ 2020లో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడు జర్మనీ, పోలండ్ కూడా చేర్చాయి.

కోడ్ ఒక్కటే కాదు, పెట్టె కూడా బతకాలి. స్పెక్ట్రమ్‌లో ముందు చచ్చేవి కింది మెమరీలోని ఎనిమిది 4116 చిప్పులు. వాటికి ప్లస్ 5, మైనస్ 5, ప్లస్ 12 వోల్టులు మూడూ కావాలి. మైనస్ 5 పోయిందంటే చిప్పులు వేడెక్కి మాడతాయి. అందుకే తెలిసినవాడు పాత పెట్టె చేతికి రాగానే ప్లగ్గు పెట్టడు, మూత విప్పి, ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, మీటరుతో వోల్టేజీలు చూస్తాడు. మీటల కింది పలుచని పొర ఎండి చిట్లడం మామూలే. కొత్త పొరలు తయారు చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఆట ఎక్కించడానికి టేపు రికార్డరు అక్కర్లేదు. కేసెట్‌లో ఉన్నది శబ్దమే కాబట్టి ఫోన్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు పెట్టి వినిపిస్తే యంత్రానికి తేడా తెలియదు. 48 కిలోబైట్లు ఎక్కడానికి ఐదు నిమిషాలు. తొందరున్నవాళ్లు ఎస్‌డీ కార్డు బోర్డు తగిలించుకుంటారు.

యూఎల్‌ఏ పోతే మాత్రం చాలాకాలం దిక్కు లేకపోయింది. ఫెరాంటీ తయారు చేసిన ఆ చిప్పు ఇంకెక్కడా దొరకదు. క్రిస్ స్మిత్ అనే ఇంజనీరు దాని లోపలి అమరికను చదివి, లాజిక్ గేటు గేటుగా విడమరిచి 2010లో పుస్తకంగా వేశాడు. బజారులో దొరికే మామూలు లాజిక్ చిప్పులతో మొత్తం స్పెక్ట్రమ్ కట్టొచ్చని హార్లెక్విన్ అనే బోర్డుతో నిరూపించాడు. యంత్రం బయటికి వచ్చిన 28 ఏళ్ల తర్వాత దాని గురించి కొత్త సంగతులు తెలిశాయన్నమాట.

నాకు ఈ వ్యవహారంలో విలువగా కనిపించేది ఇదే. బాల్యం మీద బెంగ అంటారు చాలామంది, అది కొంతమేరకే నిజం. అసలు కారణం, ఈ యంత్రం ఇక మారదు. మన ఫోన్‌కు ఐదేళ్ల కిందట రాసిన ప్రోగ్రాం ఇవాళ నడుస్తుందో లేదో. మ్యాథ్యూ స్మిత్ 1983లో రాసిన మానిక్ మైనర్, నిన్న ఎవరో రాసిన ఆట ఒకే పెట్టెలో ఒకే తీరున నడుస్తాయి. పుష్ ఆదేశానికి 11 టిక్కులని 1982లో నేర్చుకున్నవాడి జ్ఞానం ఇవాళ నేర్చుకునేవాడికీ అక్షరాలా పనికొస్తుంది. ఒకరి తెలివి మీద మరొకరి తెలివి పేరుకుంటుంది. పాత ఆటల యంత్రభాషను విప్పి, ప్రతి వరసకూ వ్యాఖ్య రాసిపెట్టారు. స్కూల్ డేజ్, మానిక్ మైనర్, జెట్ సెట్ విల్లీ పూర్తిగా చదువుకోవచ్చు. మా కంప్యూటర్ కోర్సుల్లో కోడ్ రాయమనేవాళ్లే తప్ప, ఇంకొకరి మంచి కోడ్ మొదటి నుంచి చివరి వరకు చదివించినవాళ్లు లేరు.

2017లో చందాలు పోగుచేసి మొదలైన స్పెక్ట్రమ్ నెక్స్ట్ ఈ మాటకు ఎదురు ఉదాహరణ. పెట్టె డికిన్సన్‌దే, చాలా అందంగా ఉంటుంది. పాత ఆటలు నడుస్తాయి, ప్రాసెసర్ 28 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, బొమ్మలు కదిలించడానికి హార్డ్‌వేర్ ఉంది. కంప్యూటర్‌గా మంచిదే. కానీ 69,888 లోపల ఇమడాల్సిన అవసరం పోయాక నేను పైన చెప్పిన నేర్పుల్లో చాలావాటికి దాని మీద పని లేదు.

మన దేశానికి ఈ యంత్రం పరాయిదేమీ కాదు. ఎనభైల్లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సుతో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అమ్మింది. 1984లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద దేశంలో కొన్ని బడులకు వచ్చినవి కేంబ్రిడ్జిదే మరో యంత్రం, ఏకార్న్ వారి బీబీసీ మైక్రో. అప్పట్లో వాటి మీద బేసిక్ కొట్టినవాళ్లకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి.

తెలుగులో స్పెక్ట్రమ్ ఆట రాయాలనుకునేవాడికి ఎదురయ్యే మొదటి ఆటంకం మళ్లీ ఆ గడే. ఎనిమిది చుక్కల ఎత్తులో ఇంగ్లీషు అక్షరం హాయిగా కూర్చుంటుంది. "స్త్రీ" కూర్చోదు. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు, మధ్యలో అక్షరం. బేసిక్ ఇచ్చే 21 సొంత అక్షరాలు గుణింతంలో మొదటి రెండు హల్లులు పూర్తయ్యేలోపే అయిపోతాయి. కాబట్టి యంత్రం రోమ్ చిప్పులో ఉన్న, అక్షరాలు రాసే రూటీన్‌ను పక్కనపెట్టి సొంతది రాసుకోవాలి. అక్షరానికి పదహారుకు పదహారు చుక్కలు తీసుకుంటే వరసకు 16 అక్షరాలు, తెరకు 12 వరసలు. పొడుపుకథల ఆటకు సరిపోతుంది. హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, వత్తులు విడివిడిగా ముక్కలు చేసి దాచుకుని, రాసేటప్పుడు ఒకదాని మీద ఒకటి అచ్చొత్తాలి. ముక్కకు 32 బైట్లు చొప్పున వంద ముక్కలకు 3,200. తెర పోగా 48 కిలోబైట్లలో మిగిలేది 42,240 కాబట్టి ఆటకు ఇంకా 39,040 ఉంటాయి. అందులోంచి తలకట్టు ఏ హల్లుకు ఏ చుక్క దగ్గర అతకాలో, వత్తు ఎంత పక్కకు జరగాలో చెప్పే పట్టికకు ఇంకో వంద బైట్లు తీసి పెట్టుకోవాలి.