గాజుబుడ్డి నిర్దోషి

రెంజల్‌నుండి బోధనుకు పోవు త్రోవలో చెఱకుబండ్లు శక్కర్‌నగరు ఫ్యాక్టరీకై బారులు తీరిన దినములలో, మా పల్లెలయందు పెండ్లి గాని భజన గాని మైకుసెట్టు లేనిదే జరిగెడిది కాదు. ఆ మైకుసెట్టునకు ప్రాణము వాల్వుల ఆంప్లిఫయరు. 2015లో మూతపడిన ఆ ఫ్యాక్టరీలో చిరకాలము పనిచేసిన యొక వృద్ధుడు, ఏండ్లకొలది అటకమీద ధూళిలో మునిగియున్న అట్టి పెట్టెను గోనెసంచిలో చుట్టి గతమాసమున నా బల్లమీదికి తెచ్చెను.

"గాజుబుడ్లు మార్సు బిడ్డా, మంచిగైతది" అనెను.

"బుడ్లకు ఏం గాలేదు కాకా, కండెన్సర్లు సచ్చినయి" అంటిని.

ఆయన నమ్మలేదు, నమ్మకపోవుట సహజమే. కంటికి కనబడునది గాజు, వెలుగునది గాజు, కావున నిందయు దానిమీదనే పడును. 1904లో ఫ్లెమింగు తొలి వాల్వును నిర్మింపగా, 1906లో డి ఫారెస్టు దానియందు మూడవ ఎలక్ట్రోడైన గ్రిడ్డును చేర్చి, సూక్ష్మమైన సంకేతము గొప్ప ప్రవాహమును శాసించు మార్గమును చూపెను. ఆ విద్య మన దేశమునకును వచ్చి, 1954లో బెంగుళూరున వెలసిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు వాల్వులను తయారుచేసినది. ఈ పెట్టెలోని ఈఎల్84 వాల్వుమీద ఆ సంస్థ ముద్ర నేటికిని చెరగలేదు.

దోషమెల్ల వాల్వుల నడుమ దాగిన మైనపుకాగితపు కండెన్సరుది. ముందరి వాల్వునందలి అధిక వోల్టేజిని ఆపి, ధ్వనిసంకేతమును మాత్రమే పోనిచ్చుట దాని ధర్మము. కాగితము చెమ్మగిల్లినపుడు ఆ కట్ట కారిపోవును. సున్న వోల్టులుండవలసిన గ్రిడ్డుమీద మీటరు 11 వోల్టులు చూపెను. అట్టి స్థితిలో వాల్వు తన శక్తికి మించిన ప్రవాహమును మోయుచు, లోపలి పలక ఎఱ్ఱబారువఱకు కాగి, తుదకు తానును నశించి, తనతో ట్రాన్స్‌ఫార్మరును గూడ తీసికొనిపోవును. క్రొత్త వాల్వు పెట్టినను దానికిని అదే గతి. ఎండిన ఫిల్టరు కండెన్సర్లవలన సెకనుకు 100 సార్లు కంపించు గుంయిమను నాదము వేఱొక రోగము. దానికి చికిత్స సులభము.

యౌవనమున నేనొక పెట్టెను నేరుగా విద్యుత్తునకు తగిలించి, పవర్ ట్రాన్స్‌ఫార్మరును కాల్చివైచితిని. ఆ వార్నీషు మాడిన వాసన నేటికిని నా జ్ఞాపకమున నున్నది. ఆ తీగచుట్టలను మరల అట్లే చుట్టగలవారు దొరకలేదు. నాటినుండి ప్రతి పాతపెట్టెకు ముందు 100 వాట్ల బల్బు నొకదానిని వరుసలో నుంచుచున్నాను: లోపల షార్టున్నచో బల్బు పూర్ణకాంతితో వెలిగి ట్రాన్స్‌ఫార్మరును కాచును, లేనిచో క్షణకాలము మెఱసి మందగించును. కాకా పెట్టెకు కండెన్సర్లు మార్చినపిదప బల్బు మెఱసినది, మందగించినది. వాల్వుల అడుగున నారింజరంగు కణికలు మెల్లగా మేల్కొన్నవి.

కందకుర్తి సంగమముకడ పాడిన భజనలను ఆయన మైకుముందు కూర్చుండి మరల పాడెను. స్వరము పెంచినను ధ్వని ఒక్కుమ్మడి విరుగక, అంచులు మెత్తబడి గుండ్రముగా వచ్చినది. ఈ గుణము వాల్వుకు సహజమని నా నిశ్చితాభిప్రాయము. పాత వాల్వులు, పాత ట్రాన్స్‌ఫార్మర్లు అన్నియు అట్లే యున్నవి. మార్చినవి ఏడు కండెన్సర్లు, విలువ పెరిగిపోయిన రెండు రెసిస్టర్లు మాత్రమే.

మీ అటకమీద ఇట్టి పెట్టె యున్నచో తుక్కుకు వేయకుడు. అంతకంటె ముఖ్యముగా, పలుకునో లేదో చూతమని ప్లగ్గును నేరుగా గోడకు పెట్టకుడు. తీగ ఊడదీసినను లోపల 300 వోల్టులు కొంతసేపు నిలిచియుండును గనుక, పని తెలిసినవానిచేతనే మూత తీయింపుడు.