చలికాలం వల

చలి ముదిరితే చేప అడుగు నీళ్లకు దిగుతుంది, మేత తగ్గిస్తుంది, మందగిస్తుంది. 1955లో పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున, నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ జాలరులకు ఇది కొత్తేమీ కాదు. విశాఖ వైపు నుంచి వలస వచ్చి కృష్ణమ్మను నమ్ముకున్న కుటుంబాలివి. పొద్దుగూకే వేళ వల వేసి, తెల్లారగట్ల పుట్టిలో వెళ్లి తీస్తారు. ఆ తీసే పనితనం చూడాలి! చన్నీళ్లకు వేళ్లు కొంకర్లు పోతున్నా, మొప్పల దగ్గర బిగుసుకున్న దారాన్ని గోటితో మెల్లగా సడలించి, పొలుసు రాలకుండా బొచ్చెను విడిపిస్తారు. దారం తెగిందో, మధ్యాహ్నమంతా వల బాగుచేసుకోవడమే. ఒడ్డున తూకం దగ్గర బేరమాడే మనకు ఇదేదీ కనబడదు. రాష్ట్ర చేప హోదా కొర్రమట్టదే కావచ్చు, పులుసుకు మాత్రం నా ఓటు సాగర్ రవ్వకే.