ఆరు అంకెలు, ఒక అక్షరం

060430జెడ్ జూన్ 44.

సైనిక సందేశానికి తలమానికంగా నిలిచే ఈ వరుసను ‘డేట్ టైమ్ గ్రూప్’ అంటారు. మొదటి రెండంకెలు తేదీ, తర్వాతి రెండు గంట, ఆపై రెండు నిమిషాలు. జెడ్ అంటే గ్రీనిచ్ కాలం. రేడియోలో ‘జూలూ’ అని పలుకుతారు. 1944 జూన్ 6, నార్మండీలోని ఒమాహా, యూటా తీరాల్లో అమెరికా సేనలు దిగాలని నిర్ణయించిన ఘడియను నేటి పద్ధతిలో ఇలా రాస్తాం. యుద్ధకాలపు బ్రిటన్ గడియారాలు గ్రీనిచ్‌కు రెండు గంటలు ముందు నడిచేవి కనుక 060630బి అన్నా అదే ఘడియ. అంకె మారింది, అక్షరం మారింది, క్షణం చెక్కుచెదరలేదు.

ఎంత బిగి! ఏ పదాన్నీ కదపడానికి వీల్లేని కూర్పును మన ఆలంకారికులు శయ్య అన్నారు. అది ఇక్కడ నిండుగా కనిపిస్తుంది. తేదీ పక్కన ఉండాల్సిన నెల వెనక్కి పోయిందేమిటని మొదట అనిపిస్తుంది. యుద్ధరంగంలో ఉన్నవాడికి ఏ నెలో ఒకరు చెప్పనక్కర్లేదు. ఇవాళా రేపా, ఎన్నింటికి అన్నదే ప్రాణం. అందుకే అవి ముందు. ఔచిత్యమంటే ఇదే.

ఇక ఆ అక్షరాల సొగసు. గ్రీనిచ్‌కు తూర్పున ఏ మొదలు ఎమ్ దాకా, పడమరన ఎన్ మొదలు వై దాకా భూగోళమంతా పరుచుకున్నాయి. జే ఒక్కటే ఏ మండలానికీ చెందదు. ఎవరున్నచోట వారి స్థానిక కాలానికి దాన్ని విడిచిపెట్టారు. నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసేది ఎమ్, వైల జంట. ఒకటి పన్నెండు గంటలు ముందు, మరొకటి పన్నెండు గంటలు వెనక. రెండుచోట్లా గడియారం ముల్లు ఒకేచోట ఉంటుంది, తేదీలు మాత్రం వేరు! పసిఫిక్ మధ్యలోని దినరేఖను రెండు అక్షరాలతో గీసి చూపడం కంటే గొప్ప ధ్వని ఏముంటుంది?

1941లో పెర్ల్ హార్బర్‌పై బాంబులు పడినప్పుడు హవాయిలో డిసెంబర్ 7, ఆదివారం ఉదయం. దాడికి పంపిన టోక్యోలో అప్పటికే 8, సోమవారం. జూలూలో రాస్తే ఇరుపక్షాలకూ ఒకటే: 7వ తేదీ, సాయంత్రం ఆరు దాటాక.

మన ఐదున్నర గంటల తేడా ఏ అక్షరంలోనూ పూర్తిగా ఇమడదు. అందుకని ఐదు గంటల ‘ఈ’ పక్కన ఒక నక్షత్రపు గుర్తు పెట్టి ఆ అరగంటను నిలబెట్టారు. విశాఖలో తెల్లవారి ఐదున్నరకు జూలూ రోజు పుడుతుంది. జూన్‌లో అది ఇంచుమించు సూర్యోదయ వేళ.

అర్ధరాత్రి దగ్గర ఈ లిపికి జాగ్రత్త ఇంకా ఎక్కువ. 0000 అంటే గడిచిన రోజుదా, రాబోయే రోజుదా అన్న చిన్న సందేహాన్నైనా సహించదు. అందుకే ఆజ్ఞల్లో 2359 అనో 0001 అనో రాస్తారు. నడుమనున్న ఆ క్షణాన్ని ముట్టుకోరు.