గుబ్బియో మట్టి, పంగిడి రాయి

ఇటలీ పల్లెల టూరు ప్రకటనలు ఈ వారం మళ్లీ మొదలయ్యాయి. కొండమీద రాతి ఇళ్లు, కింద ద్రాక్షతోట, ఏ ఊరికైనా అదే ఫొటో. ఊరికి వెళ్తే ముందు దాని రాయిని చూడాలన్నది ఈ కాలమ్ పాత పాట. ఉంబ్రియాలోని గుబ్బియో ఊరు దాటగానే బొత్తచ్చోనే అనే ఇరుకు లోయ వస్తుంది. అక్కడ రోడ్డు పక్కన సున్నపురాతి పొరల్లో కింద తెల్లరాయి, పైన ఎర్రరాయి, మధ్యలో సుమారు ఒక సెంటీమీటరు బంకమట్టి. కింది రాతిని భూతద్దంతో చూస్తే ఇసుక రేణువులంతేసి ఫొరామినిఫెరా అనే సూక్ష్మ సముద్రజీవుల గుల్లలు కనిపిస్తాయి. మట్టి దాటాక ఆ పెద్ద రకాలు మాయం, మిగిలినవి మరీ బుల్లివి.

భూగర్భ శాస్త్రవేత్త వాల్టర్ అల్వారెజ్ అక్కడికి మొదట వెళ్లింది రాళ్లలోని అయస్కాంత దిశలు కొలవడానికి. అంతరిక్ష ధూళి ఒకే తీరున రాలుతుంది కాబట్టి, అందులోని ఇరీడియం అనే లోహాన్ని కొలిస్తే ఆ మట్టి ఎంతకాలానికి పేరుకుందో తేలుతుందని భౌతిక శాస్త్రవేత్త అయిన తండ్రి లూయీ సలహా. తీరా కొలిస్తే అది మామూలుకు 30 రెట్లుంది. ఆ ఇరీడియానికీ, డైనోసార్లు అంతరించడానికీ గ్రహశకలం ఢీకొనడమే కారణమని 1980లో ప్రకటించారు. ఆ గోడలో డైనోసార్ ఎముక ఒక్కటీ లేదు కదా, సముద్రపు అడుగు మట్టి నేలమీది చావుల గురించి ఏం చెబుతుంది అని అడగొచ్చు. ఎముకలు ఎక్కడో ఒకటి దొరుకుతాయి. ఈ గుల్లలు పొరపొరకూ ఉంటాయి, అందుకే తేదీ చెప్పడానికి అవే నమ్మకం. పైగా అదే ఇరీడియం డెన్మార్క్, న్యూజిలాండ్ రాళ్లలోనూ ఉంది. 1991లో మెక్సికోలోని చిక్షులూబ్ బిలం ఆ దెబ్బ తాలూకుదేనని గుర్తించారు.

అయినా కేసు పూర్తిగా ముగిసిందనలేం. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం, ఆ దెబ్బకు ముందూ తర్వాతా దక్కన్‌లో లావా పొంగుతూనే ఉంది. ఎక్కువమంది శాస్త్రవేత్తలు మొదటి కారణంగా గ్రహశకలాన్నే ఒప్పుకుంటారు. అగ్నిపర్వతాల వాటా ఎంతన్నదే తగాదా. ఆ తగాదాకు సాక్ష్యం మన దగ్గరుంది. రాజమండ్రికి ఎదురుగా గోదావరి అవతల పంగిడి క్వారీల్లో రెండు దక్కన్ లావా పొరల మధ్య సున్నపురాయి ఉంది. పెద్ద రకాలు పోయాక బతికిన బుల్లి ఫొరామినిఫెరాల జాడలు ఆ చుట్టుపక్కల రాళ్లలోనూ దొరికాయి. కాబట్టి గుబ్బియోకు టికెట్ కొనమని చెప్పను. ముందు పంగిడి చూడండి. అంతా కంకరై లారీలెక్కకముందే ఆ క్వారీలో ఒక్క గోడనైనా ప్రభుత్వం కాపాడాలి.