పలకరింపు అనువాదం

కవిత్వం అనువదించడం కష్టం, రోజువారీ మాటలు తేలిక అనే భ్రమ మన సాహిత్యవర్గాల్లో బలంగా ఉంది. కాకసస్ ప్రాంతపు ఒస్సెటియన్ భాషలోకి ఇంగ్లీషు పలకరింపులు మార్చి చూస్తే ఈ భ్రమ నిలవదు. ఇది 1899లో కోస్తా ఖెతాగురోవ్ ‘ఇరోన్ ఫెందిర్’ కవితాసంపుటి వెలువడిన భాష.

ఇంగ్లీషు ‘గుడ్ డే’లో ఎదుటి మనిషి కనపడడు. ఒస్సెటియన్‌లో ‘దె బోన్ ఖోర్జ్’ అంటారు. నీ రోజు మంచిదవుగాక అని. ఎదుట పదిమంది ఉంటే ‘దె’ పోయి ‘వె’ రావాలి. ఎవరిని పలకరిస్తున్నాడో అనువాదకుడు ముందే తేల్చుకోక తప్పదు. ‘వెల్‌కమ్’ సంగతి మరీ చిత్రం. ఇంటికొచ్చిన అతిథితో ‘ఎగాస్ త్సు’, అంటే క్షేమంగా రమ్మని అంటారు. కృతజ్ఞతకు బదులుగా ఇంగ్లీషువాడు అనే ‘యు ఆర్ వెల్‌కమ్’కు కూడా ఇదే మాట పెడితే, సెలవు తీసుకుంటున్నవాణ్ణి మళ్ళీ లోపలికి పిలిచినట్టవుతుంది. ‘హీ’, ‘షీ’ రెండింటికీ అక్కడ ‘ఉయ్’ ఒక్కటే. ఆడా మగా తెలియవలసిన చోట పేరో, వరసో చెప్పాలి.

బడిలో మాటకు మాట రాసిన పిల్లలకు నేను ఏళ్ళతరబడి మార్కులు వేశాను. అది పొరపాటని ఒప్పుకుంటున్నాను. నిఘంటువు మాటకు అర్థం ఇస్తుంది. ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారో ఇవ్వదు.

యునెస్కో 2010 నాటి భాషాపటం ఒస్సెటియన్‌ను ప్రమాదానికి లోనయ్యే భాషల్లో చేర్చింది. అలాంటి భాషను ఇంగ్లీషు అచ్చులో పోస్తే పదాలు మిగిలినా పలకరింపు మిగలదు. అందుకే అనువాదకులు ముందుగా ఆ భాష మాట్లాడేవాళ్ళను అడగాలి. నిఘంటువు తర్వాత తెరవవచ్చు.