గోడమీది ధ్రువపత్రము - కోయంబత్తూరు పంపు కర్మశాలలు

కోయంబత్తూరున విద్యుత్ మోటారు నిర్మాణమునకు 1937లో నాంది పలికినవారు జి. డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుగార్లు. పిదప ఆ నగరమున మనవారును తమిళ సోదరులును నెలకొల్పిన చిన్న పంపు కర్మశాలలు పెక్కు. వానిలో అనేకముల గోడలపై నేడు ఐ.ఎస్.ఓ. 9001 ధ్రువపత్రము కానవచ్చును. అది దేనికి సాక్ష్యమో విచారింపవలసియున్నది.

ఐ.ఎస్.ఐ. ముద్ర వస్తువునకు సంబంధించినది. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టునకు ఐ.ఎస్. 8034 కలదు, ఎంత ఎత్తునకు ఎంత నీరు తోడునో కొలిచి చూతురు. 1987లో వెలువడిన 9000 శ్రేణి అట్టిది కాదు. అది వస్తువును గాక, చేయు పద్ధతిని పరీక్షించును. రైతు ఈ రెంటిని ఒకటిగా నెంచుచున్నాడు. అమ్మువారు దిద్దుట అరుదు.

2008 నాటి కూర్పు నాణ్యతా గ్రంథమును, ఆరు లిఖిత విధానములను తప్పనిసరి చేసినది. 2015 కూర్పు ఆ నిర్బంధమును తొలగించి, అవసరమైనంత మేరకే వ్రాసికొనుడన్నది. చిన్న పరిశ్రమకు ఇది గొప్ప వెసులుబాటు. అయినను పెద్ద కంపెనీ గ్రంథమునకు పేరు మార్చి బీరువాలో నుంచు అలవాటు పోలేదు. ఆ గ్రంథము ఆంగ్లమున నుండును. లేతు ముందు నిలుచువాడు తమిళుడో, ఇంట తెలుగు వీథిని తమిళము పలుకువాడో. ఆంగ్లముననే వ్రాయవలెనని ప్రమాణము శాసింపలేదు. (సలహాదారులు ఈ మాట చెప్పరు, చెప్పిన బేరము సగమగును.)

ఇంపెల్లరునకును వేర్ రింగునకును నడిమి సందు మితిమీరినచో నీరు వెనుకకు జారును. విద్యుత్తు వృథా యగును. ఆ సందు ఎంత, దేనితో కొలువవలెను, ఎన్ని ముక్కల కొకసారి, తప్పినచో ఎవరికి చెప్పవలెను - ఇంతయు ఒక అట్టపై పనివాని భాషలో వ్రాసి యంత్రము ప్రక్కన తగిలించిన, ప్రమాణము కోరునది చాలవరకు అదియే. 1924లో షూహార్టు నియంత్రణ పటమును ప్రతిపాదించిన లేఖ ఒక్క పుటయే. ఆయన మహలనోబిస్ ఆహ్వానముపై 1947-48లో మన దేశమునకును వచ్చెను.

ప్రమాణము నిర్దోషమని యననుగాని. "సంస్థ సందర్భము", "ఆసక్తిగల పక్షములు" వంటి మాటలు ఐదుగురు పనివారున్న చోట ఎవరికి బోధపడును? పైగా ఐ.ఎస్.ఓ. స్వయముగా ధ్రువపత్రము నొసగదు; ఒసగు సంస్థలు వేరు, వాని రుసుము పరీక్షింపబడువాడే చెల్లించును. 1994లో ఆరంభమైన కేంద్రప్రభుత్వ పథకము ఆ వ్యయమున 75 శాతము, 75,000 రూపాయలకు మించకుండ, తిరిగి యిచ్చెను. ఇచ్చినది పత్రము తెచ్చినవానికి. పరీక్షకు నిలిచిన పంపునకు కాదు.