వాడింగ్టన్ లోయల చిత్రము - గుణదోష విచారణ

నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద మూసీనది కృష్ణలో కలియుచున్నది. ఇంకను దిగువన, పులిగడ్డ వద్ద, అదే కృష్ణ రెండు పాయలుగా చీలుచున్నది. జీవకణముల అభివృద్ధి సంగమమును పోలినది కాదు. పాయలు చీలుటను పోలినది. దీనిని లోయల రూపమున చిత్రించినవాడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ వాడింగ్టన్. 1942లో 'ఎపిజెనిటిక్స్' అను పదమును కల్పించినవాడును ఆయనయే. ఆయన 1957లో ప్రకటించిన 'ది స్ట్రాటజీ ఆఫ్ ది జీన్స్' అను గ్రంథములో ఈ చిత్రము కలదు.

కొండపై ఒక గోళీ; దాని ముందొక లోయ. క్రిందికి పోవుకొలది ఆ లోయ పెక్కు శాఖలగును. గోళీ ఏ శాఖలో దిగునో, కణము ఆ రకమగును. శరీరకణము లన్నిటిలో జన్యువులు దాదాపు ఒక్కటే యైనను, కొన్ని నాడీకణములు, కొన్ని చర్మకణములు ఎట్లగుచున్నవి? ఈ ప్రశ్నను కంటికి కట్టించుటయే చిత్రము యొక్క గొప్ప గుణము.

అయితే రెండు దోషములు కలవు. మొదటిది, నేల కదలనట్లు తోచును. చుంచెలుక పిండపు మెదడులో నాడీ మూలకణములు మొదట నాడీకణములను, తరువాత నక్షత్రాకారముగల ఆస్ట్రోసైటులను పుట్టించును. దీనికి ఒక కారణమును జపాను శాస్త్రజ్ఞులు 2001లో చూపిరి. ఆస్ట్రోసైటుకు వలసిన ఒక జన్యువు యొక్క ఆరంభభాగమున, సుమారు 11వ రోజున, డి.ఎన్.ఏ.పై మిథైల్ గుర్తు ఉండును. అందుచే ఆ జన్యువును పనిచేయించు ప్రోటీను అచ్చట అంటుకొనజాలదు. నాగార్జునసాగరు తలుపులు దించియున్నప్పుడు పైవరద వాడపల్లికి రానట్లే, వెలుపలి సంకేతము వచ్చినను ఫలముండదు. 14వ రోజు నాటికి ఆ గుర్తు చాలవరకు తొలగును. అదే సంకేతము అప్పుడు ఫలించును. అనగా గోళీ దొర్లుచుండగనే నేల రూపు మారుచున్నది.

రెండవది, లోయల నడిమి గట్టు దాటరానిదిగ కనబడును. 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు మూడు జన్యువులను ప్రవేశపెట్టి, చుంచెలుక ఫైబ్రోబ్లాస్టు కణములను నాడీకణములుగ మార్చిరి. అవి తిరిగి కొండపైకి పోలేదు, గట్టునే దాటినవి.

ఈ దోషములకు విరుగుడు ఆ గ్రంథములోనే కలదు. రెండవ చిత్రమున వాడింగ్టన్ నేల అడుగుభాగమును చూపెను: మేకుల వంటివి జన్యువులు, వానికి కట్టిన త్రాళ్లు పై నేలను లాగిపట్టి లోయలను ఏర్పరచుచున్నవి. పాఠములలో తరచు మొదటి చిత్రమే వచ్చుటచే, కణము యొక్క గతి ముందే విధింపబడినదను భ్రమ విద్యార్థికి కలుగును. ఉపాధ్యాయుడు రెండింటిని ప్రక్కప్రక్కన గీచి, త్రాళ్ల బిగువు కాలముతో మారునని చెప్పినచో, ఈ పాత చిత్రము నేటికిని చక్కని బోధనోపకరణమే.